‘మీ ఇష్టం సార్’ అంటే ఒప్పుకోవడం కాదు

ఈమధ్య మా ఊరి కాలేజీలో సమాజసేవ కోర్సు చదువుతున్న పిల్లలకు నాలుగు మాటలు చెప్పమంటే వెళ్లాను. నాకంటే ముందు మాట్లాడిన పెద్దమనిషి, వేర్వేరు శాఖల వాళ్లూ వేర్వేరు ప్రాంతాల వాళ్లూ కలిసి పనిచేసేచోట ఓర్పూ చిరునవ్వూ ఉంటే చాలన్నాడు. పిల్లలు బుద్ధిగా రాసుకున్నారు. నాకు ఒళ్లు మండింది. నా ఉద్యోగమంతా అలాంటి చోటే గడిచింది. అక్కడ చిరునవ్వుకు ఏ రోజూ కొరత లేదు. అందరూ నవ్వుతూ, ఒకరికొకరు దారి ఇచ్చుకుంటూ, ఒక నేతగాడి మగ్గం మూయించిన సంగతి నాకు బాగా తెలుసు.

ఆ రోజు సభలో మర్యాద కోసం సగమే చెప్పాను. మిగతా సగం ఇక్కడ రాస్తున్నాను. నాకు ఎప్పుడు జీతం పెరిగిందో, ఎవరు శాలువా కప్పారో ఇందులో ఉండదు.

ఎవరి గది వారిది

డెబ్బైల చివర్లో అనంతపురం శివార్లలో, రాప్తాడు వైపు పోయే రోడ్డు పక్కన, విదేశీ విరాళాలతో నడిచే ఒక కుష్ఠు నివారణ సంస్థలో చేరాను. కాగితం మీద నా ఉద్యోగం పేరు ఫీల్డ్ కోఆర్డినేటర్. అసలు పని, ఒకరి మాట ఇంకొకరికి చేరవేయడం.

పెద్ద డాక్టరు ఇంగ్రిడ్ యూరప్ నుంచి వచ్చినామె. ఊళ్లలో దొరసానమ్మ అనేవాళ్లు. కాళ్లకు, చేతులకు వ్యాయామం చేయించే జోసెఫ్ కేరళ అతను. స్పర్శ పోయిన పాదాలకు మెత్తటి రబ్బరు చెప్పులు కుట్టే ఖాజా రాయదుర్గం మనిషి. ఊరూరా తిరిగి రోగులను గుర్తించి మాత్రలు ఇచ్చే వెంకటేశు కదిరి దగ్గరి పల్లె కుర్రవాడు. వీళ్లందరి మీద పరిపాలన చూసే ప్రసాదరావుగారు కృష్ణా జిల్లా నుంచి వచ్చారు.

ఇంగ్రిడ్ గురించి ముందే ఒక మాట చెప్పాలి. ఆమె మంచి డాక్టరు. ఎవరూ ముట్టని పుండును ఒట్టి చేత్తో పట్టుకుని చూసేది. ఎండాకాలం మధ్యాహ్నాలు జీపులో మాతో పాటు చద్దన్నం తినేది. కానీ ఆమెకు ఒక నమ్మకం ఉండేది, సూటిగా అడిగితే సూటిగా చెబుతారని. వాళ్ల దేశంలో చెబుతారేమో. మందిచ్చే మనిషి ముందు, అన్నం పెట్టే మనిషి ముందు ‘వద్దు’ అనే మాట మన నోట రాదు. రాకుండా తరతరాలుగా మనల్ని తయారు చేశారు. ‘చూద్దాంలే’ అంటాం, ‘అట్లనే’ అంటాం, నేల చూపులు చూస్తాం. అదంతా వద్దనే. ఇది ఆమెకు చెప్పాల్సింది ప్రసాదరావుగారు. ఆయనకు తెలుసు. చెప్పలేదు.

ఆయన చేసిన అసలు అన్యాయం చూడ్డానికి చాలా చిన్నది. నేను చేరిన కొత్తలో ఒక సమావేశంలో వెంకటేశు లేచి, మాత్రలకు రాని ఒక రోగి గురించి చెబుతున్నాడు.

“వాని ఇంటికి పోయినా సార్. వాడు ల్యాకపాయె. బళ్లారికి పోయినాడంట.”

ప్రసాదరావుగారు కళ్లజోడు తీసి, “పోయినాడా! అయ్యో పాపం, దహనం చేశారా, పూడ్చిపెట్టారా?” అన్నారు.

అందరూ నవ్వారు. ఇంగ్రిడ్ కూడా, విషయం తెలియకపోయినా, అందరూ నవ్వుతున్నారు కదా అని చిరునవ్వు నవ్వింది. వెంకటేశు కూర్చున్నాడు. ఆ రోజు నుంచి అతనికి సమావేశాల్లో రెండే మాటలు: యెస్ సార్, నో ప్రాబ్లమ్ సార్. జిల్లాలో ఏ వీధిలో ఎవరికి మచ్చ వచ్చిందో, ఎవరు దాచుకుంటున్నారో, ఎవరి పెండ్లి ఎందుకు ఆగిందో తెలిసిన మనిషి నోరు ఒక్క వెటకారంతో మూతపడింది. దానిని అప్పుడు ఎవరూ నష్టంగా లెక్క వేయలేదు. నేను ఇది రాస్తున్న తెలుగు కూడా ఆయన తెలుగే. అచ్చులో మా తెలుగుకు చోటెక్కడ ఉంది!

గుంటమగ్గం

ధర్మవరంలో రామాంజులు అని ఒక పట్టు నేతగాడు. వెంకటేశే అతన్ని కనిపెట్టాడు. ఆ వీధిలోకి ఎన్నడూ జీపులో పోలేదు. సైకిలు కూడా వీధి చివర పెట్టి, చుట్టం మాదిరి నడిచి పోయేవాడు. మాత్రలు అంగీ జేబులో ఉండేవి. అట్లా రోగం అదుపులోకి వచ్చింది. ఇంకొకరికి అంటే భయం పోయింది. కానీ పాదాల్లో స్పర్శ తిరిగి రాలేదు. నేత నేసేటప్పుడు గుంటలో కాళ్లు పెట్టి చెక్క పలకలు తొక్కాలి. ఆ రాపిడికి బొటనవేలి కింద పుండు పడేది. నొప్పి తెలియదు కనుక తొక్కుతూనే ఉండేవాడు. పలక మీద నెత్తురు చూసి భార్య ఓబులమ్మ కేక పెడితే గాని అతనికి తెలిసేది కాదు.

మా ఆఫీసులో ఈ పుండు మీద రెండు శాఖల యుద్ధం జరిగింది. కాలికి విశ్రాంతి ఇవ్వాలి, మగ్గం మానాలి అని జోసెఫ్. నేను కుట్టిన చెప్పులు వేసుకోడు, వేసుకుంటే పుండే పడదు అని ఖాజా. జోసెఫ్‌కు తెలుగు అంతంత మాత్రం, ఖాజాకు ఇంగ్లీషు రాదు. ఒకరు చెప్పింది ఇంకొకరికి ప్రసాదరావుగారి ద్వారా పోవాలని నియమం. అట్లా పోయేటప్పటికి ‘మానాలి’ అన్నది ‘మీ చెప్పులు పనికిరావు’ అయింది. ఇద్దరూ మాట్లాడుకోవడం మానేశారు.

నేను ఇద్దరినీ వెంటబెట్టుకుని, ఎవరికీ చెప్పకుండా, ధర్మవరం బస్సెక్కాను. రామాంజులు ఇంట్లో గుంట చూపించాను. ఖాజా తొంగి చూసి, “యా అల్లా, ఈడ చెప్పులేసుకొని యెట్ల తొక్కేది! నేను ఇదంతా చూడనే ల్యా కదక్కా” అన్నాడు. జోసెఫ్ అంగీ చేతులు మడిచి గుంటలోకి దిగాడు. తన కాళ్లతో పలకలు తొక్కి చూసుకుని, “మగ్గం మానెయ్యి అని ఇతనికి చెప్పడం, తిండి మానెయ్యి అని చెప్పడమే” అని ఒప్పుకున్నాడు. తర్వాత ఇద్దరూ గుంట పక్కన నేల మీద కూర్చుని, వచ్చీరాని హిందీలో ఒకరినొకరు తిట్టుకుంటూ, చెప్పులకు వాడే రబ్బరును పాదానికి కాక పలకలకే తొడగాలని తేల్చారు. ఎక్కడ పల్లంగా ఉండాలో జోసెఫ్ గీశాడు, ఖాజా కోశాడు. వర్షాకాలం పోయేలోగా రామాంజులు పుండు మానింది.

నా ఉద్యోగంలో నేను చూసిన గొప్ప పనుల్లో అది ఒకటి. అక్కడితో ఆగి ఉంటే ఎంత బాగుండేది!

అతిథులు

విరాళాలిచ్చే దేశం నుంచి అతిథులు వస్తున్నారని కబురు వచ్చింది. రబ్బరు పలకల సంగతి ప్రసాదరావుగారి చెవిన పడింది. నియమం దాటి బస్సెక్కినందుకు నన్ను మందలించినాయన, ఇప్పుడు అదే మగ్గాన్ని అతిథులకు చూపించాలన్నారు. ఫోటోలు తీయాలన్నారు.

సమావేశంలో నేను లేచి వద్దన్నాను. మా జీపులకు రెండు పక్కలా పెద్ద తెలుగు అక్షరాల్లో ‘కుష్ఠు నివారణ పథకం’ అని రాసి ఉండేది. ఆ బండి రామాంజులు వాకిట్లో ఆగితే అతను నేసే చీర ఎవరు కట్టుకుంటారు? అవి పెండ్లి చీరలు. కావాలంటే అతన్ని ఇక్కడికే పిలిపిద్దాం, పలకలు తెప్పిద్దాం అన్నాను.

“సుశీలగారూ, మీరు మరీ సున్నితం. దాచిపెట్టడం వల్లే కదా ఈ రోగం మీద అపోహలు!” అన్నారు ప్రసాదరావుగారు. వేదికల మీద బాగుండే మాట. వేదిక మీద మాట్లాడేవాడి మగ్గం కాదు కదా పోయేది.

ఇంగ్రిడ్ అడగాల్సింది అడిగింది. “రోగి ఒప్పుకున్నాడా?”

“నేనే స్వయంగా అడిగాను మేడమ్. చాలా సంతోషించాడు” అని ఆయన ఇంగ్లీషులో చెప్పారు.

“అతను అన్న మాట ఏమిటండీ? తెలుగులో చెప్పండి” అన్నాను.

“‘మీ ఇష్టం సార్’ అన్నాడు. ఇంతకంటే ఏం కావాలి?”

నేను ఇంగ్రిడ్ వైపు తిరిగి, ఆ మాటకు అర్థం ఒప్పుకోవడం కాదు, నా చేతిలో ఏమీ లేదనడం అని చెప్పాను. ఆమె ఆలోచనలో పడింది. తర్వాత వెంకటేశును అడిగింది. “ఆ వీధి నీకు బాగా తెలుసు. మేం వెళ్తే ఇబ్బందేమైనా ఉందా?”

వెంకటేశు ప్రసాదరావుగారి వైపు చూశాడు. నేల చూశాడు. “నో ప్రాబ్లమ్ మేడమ్” అన్నాడు.

ఇద్దరు సరేనన్నారు, ఒకరు వద్దన్నారు. వాళ్ల పద్ధతిలో అది తేలిపోయిన లెక్క. అతిథులు వచ్చే రోజు నాకు గోరంట్ల క్యాంపు పని వేశారు. అది యాదృచ్ఛికమని ప్రసాదరావుగారు చివరిదాకా అన్నారు.

ఆ రోజు జరిగింది తర్వాత ఖాజా చెప్పాడు. రెండు జీపులు వీధిలోకి పోయి రామాంజులు గడప ముందు ఆగాయి. పిల్లలు మూగారు. పెద్దవాళ్లు జీపు మీది అక్షరాలు కూడబలుక్కుని చదివారు. అతిథులు గుంటలోకి వంగి పాదాలకు ఫోటోలు తీశారు. రామాంజులు తలెత్తలేదట. ఓబులమ్మ అందరికీ మంచినీళ్లు ఇచ్చింది. ఎదురింటి నుంచి చూస్తున్న ఆడవాళ్లు లోపలికి పోయి తలుపులేసుకున్నారు.

మరునాడు పొద్దున్నే, పట్టు ఇచ్చి నేయించుకునే షావుకారు మనుషులు వచ్చారు. సగం నేసిన చీరతో సహా మగ్గం మీది పడుగు దారాలన్నీ కోసి పట్టుకుపోయారు.

ఓబులమ్మ మాట

నేను గోరంట్ల నుంచి తిరిగి వచ్చేసరికి ఓబులమ్మ ఆఫీసు మెట్ల మీద కూర్చుని ఉంది. నన్ను చూసి లేచింది.

“యాడ ఉన్యావక్కా ఆ పొద్దు? మీ వోళ్లంతా వచ్చిరి, నువ్వెందుకు రాల్యా?”

“లోపల అందరూ కూర్చున్నారు. నాకు చెప్పేది వాళ్లకే చెప్తావా?” అన్నాను. ఆమె కొంగు బిగించింది.

అప్పుడు వారం వారం జరిగే సమావేశం నడుస్తోంది. తలుపు తోసి ఆమెను లోపలికి తీసుకుపోయి నా కుర్చీలో కూర్చోబెట్టాను. ప్రసాదరావుగారు లేచి, “ఇదేం పద్ధతి?” అన్నారు. ఈమె చెబుతుంది, నేను ఇంగ్లీషులో చెబుతాను, మధ్యలో ఎవరూ మాట్లాడొద్దు అన్నాను. అంత గట్టిగా నేను అంతకు ముందు ఎన్నడూ మాట్లాడలేదు.

ఓబులమ్మ ఇంగ్రిడ్ ముఖంలోకి చూసింది.

“అమ్మా దొరసానమ్మా, నువ్వు నా మొగుని కాలు బాగు చేసినావు. ల్యాదనను. నీ మాత్తర్లు తినకముందు ఆ మనిసి నా పిల్లోళ్ల పక్కన కూడా కూకోకుండె. తిన్నంక కూకున్యాడు. ఇప్పుడేమో నీ బండి తెచ్చి నా వాకిట్లో నిలబెట్టి, వీధంతా మమ్మల్నే దూరం పెట్టేట్ల చేసినావు. నీళ్లు పట్టుకోను పోతే బిందెలు జరుపుకుంటాండారు. కాలిచ్చి కడుపు కోసినావు కదమ్మా!”

నేను వాక్యం తర్వాత వాక్యం చెప్పాను. ఓబులమ్మ ప్రసాదరావుగారి వైపు తిరిగింది.

“ఈ సారు వచ్చి, ఫోటో తీస్తారప్పా అనె. మా ఆయప్ప ‘మీ ఇష్టం సార్’ అనె. ఇంగేమంటాడు? మందిచ్చే చెయ్యిని వద్దంటాడా? నువ్వట్ల పోతానే ఆయప్ప గోడ పక్క తిరిగి ఏడ్సినాడు. నీకు కండ్లు ల్యావా? నీ నోట్లో మన్ను పడ!”

అది కూడా ఇంగ్లీషులో చెప్పాను.

“అది అనువదించక్కర్లేదు” అన్నారు ప్రసాదరావుగారు, ముఖం ఎర్రబడి.

“ఆమె తిట్టింది మిమ్మల్ని సార్. అందులో తీసెయ్యడానికి నాకేం హక్కుంది? మీరు ‘మీ ఇష్టం’లో సంతోషం కలిపారు. నేను తిట్టులో నీళ్లు కలపను.”

ఇంగ్రిడ్ నా వైపు తిరిగి, “నేను అడిగాను. అందరినీ అడిగాను. మీరొక్కరు తప్ప ఎవరూ నాకు చెప్పలేదు” అంది. ఆమె గొంతులో కోపం కంటే దిగులే ఎక్కువ.

అప్పుడు వెంకటేశు లేచాడు. తెలుగులోనే మాట్లాడాడు. “నేను ఆ పొద్దే చెప్పల్లనుకుంటి మేడమ్. నేను నోరు తెరిస్తే సారు నవ్వుతాడు. నలుగురూ నవ్వుతారు. మీరూ నవ్వితిరి. నేనింగ ఆ వీధిలోకి యే మొగం పెట్టుకొని పోవల్ల? వాళ్ల ఇంటికి చుట్టం మాదిరి పోయినోన్ని నేను.”

ఇది ఇంగ్రిడ్‌కు చెప్పడం అన్నిటికంటే కష్టమైంది. మీరెప్పుడు నవ్వారో చెప్పాలి, ఎందుకు నవ్వారో చెప్పాలి. ఒక తెలుగువాడి తెలుగును ఇంకో తెలుగువాడు వెక్కిరిస్తాడని ఆమెకు అర్థం కావడానికి చాలాసేపు పట్టింది. అర్థమయ్యాక ఆమె వెంకటేశు దగ్గరికి పోయి, తనకు వచ్చిన కొద్ది తెలుగులో “తప్పు నాది” అంది. ప్రసాదరావుగారు కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండిపోయారు.

షావుకారు కాఫీ

షావుకారుతో తానే మాట్లాడతానంది ఇంగ్రిడ్. ఇద్దరం బస్సులో పోయాం. ఆయన మర్యాదగా కూర్చోబెట్టి కాఫీ తెప్పించాడు. ఆమె ఓపికగా చెప్పింది, నేను తెలుగు చేశాను. రోగం ఇక అంటదు, చీర ద్వారా అసలే అంటదు, డాక్టరుగా నేను రాసిస్తాను అంది. ఆయన అంతా విన్నాడు.

“మీరు ఇంత దూరం వచ్చినారు, కాదంటానా! అట్లనే చూద్దాంలే మేడమ్. ఈ పెండ్లిండ్ల కాలం పోనీండి” అన్నాడు.

బయటికి వచ్చాక ఆమె ముఖం వెలిగింది. “ఒప్పుకున్నాడు!”

“లేదు. మనం తాగిన గ్లాసులు లోపలికి తీసుకుపోలేదు, చూశారా? గుమ్మం పక్కన బోర్లించారు. మనం కనుమరుగయ్యాక పారేస్తారు.”

ఆమె వెనక్కి తిరిగి చూసింది. గ్లాసులు అక్కడే ఉన్నాయి.

షావుకారును తిట్టడం తేలిక. అతని భయం అతనిది, కొనేవాళ్ల భయం అతన్ని పట్టుకుంది. నా కోపం అతని మీద కంటే మా మీద ఎక్కువ. అతనికి తెలియదు. మాకు తెలుసు. ఆ భయం ఎట్లా పాకుతుందో ఊరూరా తిరిగి చెప్పేదే మేము. తెలిసిన మనుషులం, జీతాలు తీసుకునే మనుషులం, ఆ భయాన్ని బండెక్కించుకుని పోయి ఒక మనిషి వాకిట్లో దించి వచ్చాం.

మారినవి, మారనివి

జీపుల మీది అక్షరాలు తెల్లరంగుతో కప్పించింది ఇంగ్రిడ్. సమావేశాలు ముందు తెలుగులో జరగాలని, ఇంగ్లీషు తర్వాతనని పెట్టింది. ఊళ్లలో తిరిగేవాళ్లు మొదట మాట్లాడాలి, ఆఫీసువాళ్లు చివర మాట్లాడాలి అంది. జోసెఫ్, ఖాజా నేరుగా మాట్లాడుకోవచ్చంది. వెంకటేశు మెల్లగా నోరు విప్పాడు, ఆ తర్వాత ఆపడమే కష్టమైంది. ఇవన్నీ మంచి మార్పులే. కానీ వీటి కోసం ఒక కుటుంబం మగ్గం పోవాల్సిన పని లేదు. నష్టం నుంచి నేర్చుకున్నాం అని గొప్పగా చెప్పుకునేవాళ్లను చూస్తే నాకు ఇప్పటికీ అసహ్యం. నష్టం ఒకరిది, పాఠం ఇంకొకరిదా?

ప్రసాదరావుగారు అదే కుర్చీలో ఉండి, దండలు వేయించుకుని పదవీవిరమణ చేశారు. నేను ఆ సభకు పోలేదు. అతిథుల దేశంలో అచ్చయిన పుస్తకంలో రామాంజులు పాదాలు రంగుల్లో వచ్చాయి. మళ్లీ తన వృత్తిలో నిలదొక్కుకున్న నేతగాడు అని కింద రాశారు. అది మా చేతికి వచ్చేనాటికి ఆ ఇంటికి తాళం.

కొత్తగా ఈ పనిలోకి వచ్చేవాళ్లకు నేను చెప్పేది ఇంతే. నాలుగు భాషల మనుషులు ఒక బల్ల చుట్టూ కూర్చున్నప్పుడు ఎవరు మౌనంగా ఉన్నారో చూడండి. ఆ మౌనాన్ని ఎవరు తయారు చేశారో చూడండి. ఒప్పుకున్నాడని ఎవరైనా చెబితే, అతను అన్న మాట అతని భాషలోనే అడిగి తెలుసుకోండి. మీకు ఎదురు చెప్పినా తనకేమీ పోదని ఆ మనిషికి నమ్మకం కలిగేదాకా, అతని ‘సరే’కు విలువ కట్టొద్దు.

మొలకాల్మూరు

ఎనభైల నడుమ, రాయదుర్గం పనిమీద పోయినప్పుడు, రామాంజులు కుటుంబం సరిహద్దు అవతల, కర్ణాటకలోని మొలకాల్మూరులో నేస్తోందని ఖాజా చెప్పాడు. అక్కడా పట్టుమగ్గాలు ఉన్నాయి. అక్కడ వాళ్లను ఎరిగినవాళ్లు లేరు. బస్సెక్కి పోయాను. మామూలు చీర, చేతిలో పండ్ల సంచి.

తలుపు తీసిన ఓబులమ్మ నన్ను చూసి ఒక్క క్షణం తెల్లబోయింది. పక్కింటి ఆమె అరుగు మీద బియ్యం ఏరుకుంటూ ఎవరని కన్నడంలో అడిగింది. ఓబులమ్మ వెంటనే తేరుకుని, మా చిన్నమ్మ కూతురు, అనంతపురం నుంచి వచ్చింది అని కన్నడంలోనే చెప్పి నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది.

లోపల మగ్గం చప్పుడు ఆగింది. రామాంజులు గుంటలోంచి పైకి వచ్చి, నేను అడక్కుండానే రెండు పాదాలూ చాపి చూపించాడు. ఎక్కడా పుండు లేదు. మందుల గడువు ఎప్పుడో ముగిసింది. దీపం పెట్టే వేళకు రోజూ ఓబులమ్మ పాదాలు తిప్పి చూస్తుందట. అతను నవ్వుతూ చెప్పాడు. ధర్మవరంలో అతను నవ్వడం నేను చూడలేదు. నాకు సంగటి పెట్టారు. తిన్నాను. పిల్ల కన్నడం బడిలో చదువుతోంది, పద్యం చదివి వినిపించింది.

పోయి వస్తానని లేచినప్పుడు ఓబులమ్మ నాతో పాటు వీధి మలుపు దాకా వచ్చింది. చుట్టూ చూసి, గొంతు తగ్గించింది.

“అక్కా, తప్పుగా అనుకోవద్దు. ఇంగ మా ఇంటికి రావద్దు.”

సూటిగా చెప్పింది. నా ఉద్యోగమంతటిలో ఒక రోగి ఇంటి మనిషి మాకు సూటిగా వద్దని చెప్పడం అదొక్కసారే విన్నాను.

“రాను ఓబులమ్మా” అన్నాను. పండ్ల సంచి ఆమె చేతికిచ్చి బస్టాండు వైపు నడిచాను. మళ్లీ ఆ ఊరికి పోలేదు.